టెక్ సందేహాలు: మీటర్ మీది ఎర్ర లైట్‌ను ఒకసారి లెక్కపెట్టండి

ప్రశ్న: మాకు గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కింద జీరో బిల్లు వచ్చేది. రెండు నెలలుగా 206, 211 యూనిట్లు వచ్చి డబ్బులు కడుతున్నాం. కొత్తగా ఏమీ కొనలేదు. ఏది ఎక్కువ కరెంటు లాగుతోందో చెప్పే యాప్ ఏదైనా ఉందా? (ఒక గృహిణి, హనుమకొండ)

జవాబు: మీ బాధ అర్థమైంది. 200 దాటితే పైన పడ్డ ఆరు యూనిట్లకే కాదు, మొత్తం 206కీ బిల్లు వస్తుంది. ఫోన్‌లో యాప్ వేసుకున్నంత మాత్రాన ఇంట్లో ఏ వస్తువు ఎంత లాగుతోందో దానికి తెలియదు. ఆ పని మీటరే చేస్తుంది. దాని మీద ఆగి ఆగి మెరిసే చిన్న ఎర్ర లైట్ ఉంటుంది చూడండి. పక్కనే 3200 అనో 1600 అనో అంకె ఉంటుంది. 3200 ఉంటే, ఆ లైట్ 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి, ఒక మెరుపుకూ తర్వాతి మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 1125ను ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. మీ మీటర్ 1600ది అయితే 2250తో మొదలుపెట్టండి.

నేనూ ఓ రాత్రి చేశాను. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ అన్నీ ఆపేసి టార్చ్ పట్టుకుని మీటర్ ముందు నిలబడితే, ఎదురింటాయన ‘ఫ్యూజ్ పోయిందా సార్?’ అని అడిగాడు. అన్నీ ఆపాక కూడా లైట్ 25 సెకన్లకోసారి మెరుస్తోంది. అంటే 45 వాట్లు. టీవీ ఆపి ఉంది కానీ సెట్‌టాప్ బాక్స్ నడుస్తూనే ఉంది. దాని స్విచ్ తీస్తే మెరుపుల మధ్య 37 సెకన్లు, వైఫై రౌటర్ కూడా తీస్తే 51. మిగిలిన 22 వాట్లు ఇన్వర్టర్‌వి. ముసలి బ్యాటరీ రోజంతా చార్జింగ్ తాగుతూనే ఉందన్నమాట. 45 వాట్లు చిన్న అంకెలా కనిపిస్తుంది. 24 గంటలూ, 30 రోజులూ నడిస్తే 32 యూనిట్లు. మీరు దాటింది ఆరూ, పదకొండే కదా!

ఫ్రిజ్‌ను మాత్రం ఇలా కొలవకండి. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి ఒక్క క్షణం చూస్తే లెక్క తప్పుతుంది. యూనిట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ పెట్టి, ఒక రోజంతా వదిలేసి చూడండి.

ప్రశ్న: ఫోన్ చార్జర్ ప్లగ్‌లో వదిలేస్తే కరెంటు పోతుందని మా అత్తమ్మ రోజూ గొడవ. నిజమేనా? (కాజీపేట)

జవాబు: అత్తమ్మగారు చెప్పింది నిజమే, కానీ పోయేది చాలా కొంచెం. మంచి చార్జరైతే ఏడాదికి ఒక యూనిట్ అటూ ఇటూ. నాసిరకం చార్జర్లు వేడెక్కుతాయి, వాటిని మాత్రం కచ్చితంగా తీసేయండి.

ప్రశ్న: ఫోన్‌లో, కంప్యూటర్‌లో డార్క్ మోడ్ పెడితే కరెంటు మిగులుతుందా? (కరీంనగర్)

జవాబు: ఓలెడ్ తెర ఉన్న ఫోన్‌లో మిగులుతుంది, అందులో నల్ల చుక్క అంటే ఆరిపోయిన చుక్కే. మామూలు ఎల్‌సీడీ మానిటర్‌లో వెనుక లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి దాదాపు తేడా లేదు. స్క్రీన్‌సేవర్‌తోనూ ఏమీ మిగలదు. లేచి వెళ్లేటప్పుడు మానిటర్ ఆపేయండి, కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘పవర్ సేవర్’ డబ్బా చూశాను. ప్లగ్‌లో పెడితే బిల్లు సగానికి తగ్గుతుందట. కొనాలా? (జగిత్యాల)

జవాబు: వద్దు. లోపల ఒక కెపాసిటర్, ఒక పచ్చ లైట్ ఉంటాయంతే. అది సరిచేస్తానని చెప్పే పవర్ ఫ్యాక్టర్‌కు (తీసుకున్న కరెంటులో ఎంత నిజంగా పనికొస్తోందో చెప్పే కొలత) మన ఇళ్ల బిల్లులో లెక్కే లేదు, మనకు వేసేది వాడిన యూనిట్లకే.

ప్రశ్న: బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటార్ ఉన్నది) మూడు వేలు చెబుతున్నారు. అంత పెట్టొచ్చా? (మంచిర్యాల)

జవాబు: ఎక్కువ గంటలు తిరిగే గదికైతే పెట్టొచ్చు. పాత ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, ఇది 30 దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగిలినట్టే. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు తిరుగుతుంది. ఎప్పుడో ఒకసారి చుట్టాలొస్తే వాడే గదికి మాత్రం దండగ. బిగించేటప్పుడు గోడమీది పాత రెగ్యులేటర్‌ను తీయించి, నేరుగా స్విచ్‌కు కలిపించండి. ఇది రెగ్యులేటర్ మీద సరిగా నడవదు, పాడైపోవచ్చు కూడా. వేగం మార్చాలంటే రిమోటే దిక్కు, అది పిల్లల చేతిలో పడితే మంచం కిందో, బియ్యం డబ్బాలోనో తేలుతుంది. ఇంకో రిమోట్ విడిగా దొరుకుతుందా అని కొనేరోజే షాపులో అడగండి.