సందేహాలు – సమాధానాలు: డైనోసార్‌కు ఈకలా, రెక్కలా?

సందేహం: పిల్లల పుస్తకంలో డైనోసార్‌కు ఒంటి నిండా ఈకలు వేశారు. ఒక పత్రికలోనేమో 'రెక్కలున్న రాక్షసబల్లి' అని చదివాను. ఈకలన్నా రెక్కలన్నా ఒకటేనా? ఈకలున్న జంతువును బల్లి అనవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఒకటి కానే కావు. రెక్క అవయవం, ఈక ఒంటి మీద మొలిచేది. (పూరెక్క, తలుపురెక్క, 'రెక్కాడితే గాని డొక్కాడదు' వంటి వాడుకలతో ఇక్కడ పని లేదు.) ఇంత తేలికైన తేడాను శాస్త్ర విషయాలు రాసేవారు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. 2012లో చైనా నుంచి ప్రకటించిన యూటిరానస్ దాదాపు 9 మీటర్ల డైనోసార్. దాని శిలాజాల మీద ఈకల జాడలున్నాయి, రెక్కలు మాత్రం లేవు. డైనోసార్ల కాలంలోనే ఎగిరిన సరీసృపం టెరోసార్‌కు రెక్కలున్నాయి, కానీ అవి చర్మపు పొరలు. పైగా అది డైనోసారే కాదు! 'రెక్కలున్న రాక్షసబల్లి' అని చదివిన పిల్లవాడు ఈ రెండింటిలో దేన్ని ఊహించుకోవాలి? కాకి అంత ఉండే మైక్రోరాప్టర్ అనే డైనోసార్‌కైతే చేతులకూ కాళ్లకూ పొడవాటి ఈకలుండేవి. దాన్ని నాలుగు రెక్కలదని నిక్షేపంగా రాయవచ్చు.

అయితే 'ఈకలు' అన్నంత మాత్రాన పని అయిపోలేదు. 1996లో చైనాలోని లియావోనింగ్ రాళ్లలో బయటపడ్డ సైనోసారాప్టెరిక్స్ అనే డైనోసార్ సంగతి చూడండి. దాని వీపు పొడవునా, తోక మీదా ఉన్నవి సన్నని పోగులు. నడుమ కాడ, దానికి అటూ ఇటూ పాయలు ఉండే నిండు ఈకలు కావవి. వాటిలో మిగిలిన రంగు కణాలను పరీక్షించి, తోక మీద ఎర్రగోధుమ చారలుండేవని 2010లో చెప్పారు. ఈ పోగులను కొందరు 'ఆదిమ ఈకలు' అంటున్నారు, కొందరు ఏకంగా 'వెంట్రుకలు' అంటున్నారు. వెంట్రుక క్షీరదాలది, ఇక్కడ ఆ మాట తప్పు. మనకు 'నూగు' అనే చక్కటి మాట ఉండగా ఈ తంటాలెందుకు?

శ్రీనాథుడు కాశీఖండంలో తన కావ్యాలను వయసు వరసన చెప్పుకుంటూ 'నూనూగు మీసాల నూత్న యౌవనమున' శాలివాహన సప్తశతి చెప్పానన్నాడు. నాకు ప్రాణమైన పద్యమది. నూగును రెట్టించి నూనూగు అనడంతో ఆ లేతదనం మరింత లేతబడింది. అక్కడ ఉన్నది మీసమే, కానీ ఇంకా మీసం కట్టు రాలేదు. మొలిచీ మొలవని ఆ దశను పట్టుకున్న మాట అది. ప్రబంధ కవుల 'నూగారు' (పొట్ట మీది సన్నని వెంట్రుకల వరస) లోనూ ఉన్నది ఈ నూగే. లేత కాయ మీది మెత్తని పొరనూ, పిట్టపిల్ల ఒంటి మీది మెత్తదనాన్నీ నూగు అనే అంటాం. నిండు ఈక కాకముందు ఈక ఎలా ఉండేదో చెప్పాలంటే ఇంతకంటే తగిన మాట నాకు తోచడం లేదు. (నూగులంటే నువ్వులు కూడా. అది వేరే మాట.)

ఇక బల్లి సంగతి. 1842లో బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలతో కట్టిన 'డైనోసార్' పేరులోనే బల్లి ఉంది, కాబట్టి 'రాక్షసబల్లి' మూలానికి నమ్మకంగానే ఉంది. ఆయన ఉద్దేశంలో భయంకరత్వంతో పాటు భారీతనమూ ఉంది కనుక 'రాక్షస' కూడా అతికింది. అయితే డైనోసార్లు బల్లులు కావు. వాటి వంశంలో మిగిలినవి పక్షులే. కాకి అంత జీవిని రాక్షసి అనడమూ ఎబ్బెట్టే. కథల్లో రాక్షసబల్లి ఉండనివ్వండి. పాఠాల్లో డైనోసార్ అంటేనే మేలని నా మొగ్గు, కాదనేవారితో తగువు పెట్టుకోను.

బొమ్మలు వేసేవారికీ ఒక మాట. ఈకల వార్త విన్న ఉత్సాహంలో ప్రతి డైనోసార్‌నూ కోడిపుంజులా ముస్తాబు చేయకండి. బాతుమూతి డైనోసార్ల చర్మపు ముద్రల్లో పొలుసులు స్పష్టంగా కనిపిస్తాయి. 2017లో వివరించిన టైరనోసారస్ రెక్స్ చర్మపు ముక్కల్లోనూ పొలుసులే ఉన్నాయి. వీపు మీద కాస్త నూగు ఉండేదేమో, ఇంకా తేలలేదు. అందాకా దాని పేరు ముందు 'ఈకల' అనే విశేషణం చేర్చవద్దు.