గల్లాపెట్టె పక్కన చదివేవాళ్ల కోసం

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. ఆడిటర్ గారి ఆఫీసులో పొద్దస్తమానం లెక్కలతో ఉండే నీకు మన వర్తక సంఘం మాసపత్రికకు రాయాలనిపించడం నాకు నిజంగా సంతోషం. ఇరవై ఏళ్లుగా ఆ పత్రికకు రాస్తున్నాను కాబట్టి ఎలా ఉందో చెప్పమన్నావు. ఉన్నదున్నట్టు చెబుతాను, నొచ్చుకోకమ్మా.

మొదటి పేజీన్నర తీసెయ్. చిన్న పరిశ్రమలు దేశానికి వెన్నెముక అని మొదలుపెట్టావు. ఆ మాట మనవాళ్లు ప్రతి మీటింగులోనూ వింటూనే ఉన్నారు. మూడో పేజీలో ఒకాయన రెండు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోయాడు చూడు, ఆటోనగర్‌లో స్టీలు బీరువాలు చేసే ఆయన, ఒక హాస్టల్‌కు సరుకు వేసి ఏడు నెలలుగా డబ్బు కోసం తిరుగుతున్నాడని రాశావు. నీ వ్యాసం అక్కడుంది. ఈ ఏడు నెలల్లో రేకు ఎక్కడ తెచ్చాడు, అప్పుకా, రొక్కానికా? శనివారం కూలీలకు బట్వాడా ఎలా చేశాడు? వసూలుకు తనే వెళ్తున్నాడా, కుర్రాణ్ణి పంపుతున్నాడా? వెళ్తే అక్కడ ఏం చెబుతున్నారు? ఇవన్నీ ఆయన్ను అడుగు. ఫోన్లో కాదు, షెడ్డుకు వెళ్లి అడుగు. వెల్డింగ్ చప్పుడులో ఆయన సగం మాట ఆపి కుర్రాడికి ఏదో పురమాయిస్తాడు, అప్పుడు బయటపడే సంగతులు ఫోన్లో దొరకవు.

ఇంకో మాట. 'నిర్వహణ మూలధన కొరత ఏర్పడింది' అని రాశావు. ఆయన నీతో ఆ మాట అని ఉండడు. 'రొటేషన్ ఆగిపోయిందమ్మా' అని ఉంటాడు. అదే రాయి. చేతిలో డబ్బు తిరగడం ఆగిపోయిందనడానికి బజారులో అందరూ అనే మాట అది, దాన్ని పుస్తకాల తెలుగులోకి మారిస్తే ఆయన బాధ ఎవరిదో అయిపోతుంది.

మన పత్రికను ఎలా చదువుతారో ఒకసారి చూసి రా. వన్‌టౌన్‌లో నాకు తెలిసిన హార్డ్‌వేర్ షాపాయన పత్రికను నాలుగు మడతలు పెట్టి గల్లాపెట్టె పక్కన ఉంచుకుంటాడు. ఎవరైనా వచ్చి రెండంగుళాల మేకులు అరకిలో అడిగితే, చదువుతున్న లైను మీద వేలు అలాగే పెట్టి కుర్రాడికి చెబుతాడు. డబ్బు తీసుకోవడానికి వేలు తీయాల్సి వస్తుంది. మళ్లీ చదువు మొదలుపెట్టేసరికి ఆ లైను దొరకదు, పేరా మొదటికి వెళ్తాడు. నీ పేరాలు పన్నెండేసి లైన్లున్నాయి. ఆయన ఒక్క పేరాను మూడుసార్లు మొదలుపెట్టి పేజీ తిప్పేస్తాడు.

ఇక లెక్కల సంగతి. సూక్ష్మ సంస్థకు టర్నోవర్ పరిమితి 5 కోట్లని రాశావు. అది పాత లెక్క. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లు. సరుకులు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షలన్నావు. మనకు నిజమే, కానీ పత్రిక ఖమ్మం దాకా వెళ్తుంది, తెలంగాణలో అది 20 లక్షలు. అక్కడి షాపాయన నీ మాట నమ్మి ఊరుకుంటే జరిమానా కట్టేది ఆయన.

ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2021 జులైలో చిల్లర, టోకు వర్తకులు కూడా ఉద్యంలో, అంటే చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన నమోదు పోర్టల్‌లో, నమోదు చేసుకోవచ్చని కేంద్రం చెప్పింది. నేను ఉత్సాహంగా రాసేశాను, ఇక షాపులవాళ్లకు కూడా 45 రోజుల్లో బాకీ రాబట్టుకునే హక్కు వచ్చినట్టేనని. ఆ ఉత్తర్వు కింది దాకా చదవలేదు. వర్తకులకు ఇచ్చింది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. బాకీల రక్షణ వస్తువు తయారుచేసేవాళ్లకూ సేవలందించేవాళ్లకూ తప్ప కొని అమ్మేవాళ్లకు లేదు. ఒక పెయింట్ల షాపాయన నా వ్యాసం కత్తిరించుకుని తనకు బాకీ ఉన్న కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. కాంట్రాక్టరు ఆడిటరు అదే ఉత్తర్వు తీసి, నలుగురిలో చదివి వినిపించాడట. షాపాయన నన్నొక్క మాట అనలేదు. కటింగు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తర్వాతి సంచికలో అదే పేజీలో సవరణ వేయించాను, కానీ ఆయన పోగొట్టుకున్న మర్యాద సవరణతో తిరిగిరాలేదు. అప్పటినుంచి అసలు ఉత్తర్వు చివరి లైను దాకా చూడనిదే ఒక్క అంకె రాయను.

నీ బీరువాలాయన తయారీదారు, కాబట్టి ఆయనకు సూక్ష్మ, చిన్న సంస్థల బాకీలకు రక్షణ ఇచ్చే ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది. దాన్ని విడమరిచి రాయి. ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువు, అది ఎంతైనా 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. సరుకు చేరిన 15 రోజుల్లో కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే సరుకుతో పంపే చలానా మీద ముట్టినట్టు సంతకం, తేదీ ఉండాలి. బిల్లు మీద ఉద్యం నంబరు, డబ్బు కట్టాల్సిన తేదీ వేయాలి. ఈ నాలుగు ముక్కలూ చదివి ఆయనలాంటి ఇంకొకరు రేపు బిల్లు పుస్తకం మార్చుకుంటే నువ్వు రాసినందుకు ఫలితం దక్కినట్టే.

అయితే చట్టం చెప్పి వదిలేయకు. ఇలాంటి బాకీల తగాదాలు తేల్చడానికి ఆ చట్టం కింద పెట్టిన కౌన్సిల్‌కు వెళ్తే 90 రోజుల్లో తేల్చాలని ఉంది. నిజంగా ఎన్నాళ్లు పట్టిందో వెళ్లినవాళ్లను అడుగు. అసలు ఆయన ఎందుకు వెళ్లలేదో కూడా అడుగు. నాకు తెలిసి చాలామంది చెప్పేది ఒకటే, 'కేసేస్తే డబ్బు రావచ్చండీ, పార్టీ పోతుంది' అని, అంటే సరుకు కొనే ఆసామి చెయ్యిజారిపోతాడని. ఈ భయం గురించి మన పత్రికలో ఇన్నేళ్లలో ఎవరూ సూటిగా రాయలేదు, నేను కూడా. నువ్వు రాయగలవనిపిస్తోంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆయన మీ ఆఫీసు క్లయింటయితే ఫైల్లో చూసిన అంకె ఒక్కటి కూడా వాడకు. మీ సార్‌కు ముందే చెప్పు. బీరువాలాయన తన నోటితో చెప్పినవే రాయి, ఆయన లెక్కలున్న పేరా వరకు చదివి వినిపించు. పేరు వేయకపోవడం ఒక్కటే చాలదు. ఎన్ని బీరువాలు, ఏ హాస్టల్ వీధి అని రాస్తే ఆ హాస్టల్‌వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఆ వివరాలు వదిలెయ్, కానీ వాటి బదులు కల్పించినవి పెట్టకు.

పారితోషికం ఎంతో ముందే అడుగు, మొహమాటపడకు. పేజీ పెట్టాక ప్రూఫు కూడా అడిగి తీసుకో. డీటీపీలో నీ యూనికోడ్ అక్షరాలను అచ్చుకు వాడే 'అను' ఫాంటులోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, ఒక్కోసారి అంకెలూ జారిపోతాయి. అక్షరాల సంగతి వాళ్లు చూసుకుంటారు. అంకెలు మాత్రం నువ్వే వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకో.

సంచిక పేజీలు ఇరవయ్యో తేదీకి కడతారు. ఈ ఆదివారం షెడ్లకు సెలవు, సోమవారం పొద్దున్నే వెళ్లు, వారం మొదట్లో ఆయనకు కాస్త తీరిక ఉంటుంది. తిరిగి రాశాక నాకు పంపు. ఆ శనివారం బట్వాడా డబ్బు ఆయన ఎక్కడ సర్దాడో తెలుసుకోవాలని నాకూ ఉంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య