ఎల్క్ వేటకి సెమీ ఆటోమేటిక్ పనికొస్తుందా?

ప్రశ్న: సార్, మాది బెంగళూరు, మారతహళ్ళి. అక్టోబర్‌లో టూరిస్ట్ వీసా మీద డెన్వర్ వెళ్తున్నా, మా బావగారు అక్కడ గ్రీన్‌కార్డ్ మీద ఉన్నారు, కొలరాడో కొండల్లో ఎల్క్ వేటకి నువ్వూ రా అంటున్నారు. ఈసారి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొంటారట, అంటే ఒకటి పేలగానే తర్వాతి తూటా దానంతట అదే ఎక్కేది. ఏది మంచిది, తూటాలు ఏవి? ఒక తూటా గుర్తుగా ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: ముందు చివరిదానికి చెప్తా, తేవద్దు బాబూ. బ్యాగులో ఒక్క తూటా దొరికినా కెంపెగౌడ ఎయిర్‌పోర్టులో ఆర్మ్స్ యాక్ట్ కేసు, లాయర్ ఫీజు, ఆఫీసులో సెలవులు, అంతా మీ నెత్తినే.

ఇక రైఫిల్. ఎల్క్ అంటే మన దుప్పి లాంటిదే కానీ మగది 300 కిలోలు దాటుతుంది, చిన్న తూటాతో పడే జంతువు కాదు. కొలరాడో రూల్ ప్రకారం ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్ (బుల్లెట్ వెడల్పు, అంగుళాల్లో), 85 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు, సుమారు ఐదున్నర గ్రాములు) బుల్లెట్ ఉండాలి, సెమీ ఆటోమేటిక్‌లో మ్యాగజైన్ (తూటాల డబ్బా), ఛాంబర్ (తూటా పేలే గది) కలిపి ఆరు తూటాలకి మించకూడదు. అందుకే .223 క్యాలిబర్ ఏఆర్-15 రైఫిల్‌తో వెళ్దామని ఎవరన్నా అంటే కుదరదు. నన్నడిగితే బ్రౌనింగ్ కంపెనీ బార్ రైఫిల్, .30-06 అనే తూటా సైజులో. 1967 నుంచి ఉన్న మోడల్, తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్‌తో పనిచేస్తుంది కాబట్టి భుజం మీద తన్ను కాస్త తగ్గుతుంది. .300 విన్‌చెస్టర్ మాగ్నం అనే ఇంకో తూటా దూరం కొడుతుంది గానీ దాని తన్నుకి భయపడి ట్రిగ్గర్ గుంజేవాళ్ళే ఎక్కువ, ఆ దెబ్బ పొట్టలో తగిలితే రోజంతా వెతుక్కోవాలి.

అసలు డబ్బు పెట్టాల్సింది తూటా మీదండీ, రైఫిల్ మీద కాదు. 165 నుంచి 180 గ్రెయిన్లు, నోస్లర్ పార్టిషన్ గానీ బార్న్స్ టీఎస్ఎక్స్ గానీ, ఈ బుల్లెట్లు ఎముక తగిలినా ముక్కలైపోకుండా లోపలికి దిగుతాయి. రెండు మూడు రకాల పెట్టెలు కొని రేంజ్‌లో వంద గజాల దగ్గర కాల్చి చూడమనండి, ఒకే రైఫిల్ ఒక తూటాతో గుంపుగా కొట్టి ఇంకోదానితో చెల్లాచెదురు చేస్తుంది. వెంటవెంటనే కాల్చొచ్చు కదా అని సెమీ ఆటోమేటిక్ కొంటే మాత్రం వేస్ట్, మొదటి దెబ్బే ముందుకాలి వెనక ఊపిరితిత్తుల్లో పడాలి.

ఇంకోటి, చప్పుడవుతుందని బోల్ట్‌ని (తూటాని ఛాంబర్‌లోకి తోసి మూసే భాగాన్ని) చేత్తో మెల్లగా మూస్తారు చూడండి, అప్పుడది పూర్తిగా లాక్ అవ్వదు, ఎల్క్ ఎదురుగా ఉంటే ట్రిగ్గర్ నొక్కినా ఏమీ పేలదు. వెనక్కి లాగి వదిలేయాలంతే, చప్పుడైతే అవనీ. చలికి చిక్కటి ఆయిల్ గడ్డకడుతుంది, పలచగా రాయాలి.

మీ సంగతి వేరే. టూరిస్ట్ వీసా వాళ్ళు అమెరికాలో తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం, మినహాయింపుల్లో ఒకటి అక్కడి రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్. దానికి కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కార్డు కావాలి, 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ. ఆ లైసెన్స్ చేతికి రాకపోతే ఆరెంజ్ జాకెట్, టోపీ వేసుకుని బావగారి వెనకే నడవండి, ఫొటో కోసం కూడా రైఫిల్ పట్టుకోవద్దు.