నిరుద్యోగం ఎక్కువున్న చోటే కూలి ఎక్కువ కనిపిస్తోందేం?

మీ ప్రశ్న ఇది: పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వపు ఉపాధి సర్వే) నిరుద్యోగ రేటునూ రోజుకూలినీ రాష్ట్రాలవారీగా పక్కపక్కన పెడితే, నిరుద్యోగం ఎక్కువున్న చోటే కూలి ఎక్కువ వస్తోంది, నిరుద్యోగం పెరిగితే కూలి తగ్గుతుందన్న సిద్ధాంతం తప్పా లెక్క తప్పా అని. తిరకాసంతా పోల్చిన తీరులో ఉంది.

కేరళనే చూడండి. 2023-24లో అక్కడ నిరుద్యోగం 7.2 శాతం, మధ్యప్రదేశ్‌లో 1 శాతం. ఆర్‌బీఐ పట్టికలో 2022-23 పొలం కూలి కేరళలో రోజుకు 764 రూపాయలు, మధ్యప్రదేశ్‌లో 229. గల్ఫ్ డబ్బో, ఇంట్లో ఇంకొకరి జీతమో ఉన్నవాళ్లు తమ చదువుకు తగ్గ ఉద్యోగం వచ్చేదాకా ఆగగలరు. పూట గడవనివాడికి నిరుద్యోగిగా ఉండే స్తోమతే లేదు. రెండు మేకలు కాస్తున్నా, అన్న పొలంలో చేయి వేస్తున్నా సర్వేలో 'పనిలో ఉన్నవాడే'.

ఆర్థికవేత్తలు బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ చూపిన 'వేజ్ కర్వ్' ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చదు. అదే ప్రాంతంలో నిరుద్యోగం మారితే కూలి ఎంత కదులుతుందో చెబుతుంది. వాళ్లకు వచ్చిన వ్యాకోచత్వం (నిరుద్యోగం ఒక శాతం మారితే కూలి ఎంత శాతం మారుతుందన్న లెక్క) -0.1 దగ్గర. అంటే నిరుద్యోగం 4 నుంచి 8 శాతానికి రెట్టింపైతే 600 కూలి సుమారు 560 అవుతుంది.

కాబట్టి కనీసం నాలుగైదేళ్ల యూనిట్ స్థాయి (ఒక్కో మనిషి వివరం విడిగా ఉండే) డేటా తీసుకోండి. నిరుద్యోగ ప్రభావాన్ని కొలిచే రిగ్రెషన్‌లో కూలికీ నిరుద్యోగానికీ రెండింటికీ లాగ్ వేసి, వయసు, చదువు, లింగం, పని రకం పెట్టి, ప్రాంతానికి ఒక డమ్మీ, ఏడాదికి ఒక డమ్మీ (అదైతే 1, కాకపోతే 0 అనే గుర్తు) ఇవ్వండి. కూలిని ముందే ఆ రాష్ట్రపు సిపిఐ-ఏఎల్‌తో (వ్యవసాయ కూలీల ధరల సూచీ) సరిచేసుకోవాలి. 2025కు ముందు సర్వేలకు జిల్లా జోలికి పోవద్దు, ఎన్‌ఎస్‌ఎస్ రీజియన్ (సర్వే కోసం కొన్ని జిల్లాలను కలిపిన ప్రాంతం) చాలు. జిల్లాకు దొరికే శాంపిల్ చిన్నది, అందులోంచి తీసిన నిరుద్యోగ రేటులో పొరపాటు ఎక్కువ, ఆ పొరపాటు మీ గుణకాన్ని సున్నా వైపు లాగేస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనాలో ఉండే అనిశ్చితి కొలత) రీజియన్ వారీగా క్లస్టర్ చేయడం, అంటే ఒకే రీజియన్ వాళ్లను ఒక గుంపుగా లెక్కించడం, మరిచిపోతే మాత్రం ఫలితం నమ్మదగిందని చెప్పే నక్షత్రాలు లేనిచోట కూడా పట్టికలో మెరుస్తాయి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

అసలు మార్చాల్సింది నిరుద్యోగపు కొలత. ఏడాది లెక్కన వేసే మామూలు రేటు కూలీల సంగతి పట్టించుకోదు. పీఎల్‌ఎఫ్‌ఎస్ షెడ్యూల్‌లో గడిచిన ఏడు రోజులకీ రోజువారీ వివరం ఉంటుంది. పనికి సిద్ధంగా ఉండీ దొరకని రోజులను, పని చేసినవీ దొరకనివీ కలిపిన మొత్తం రోజులతో భాగించండి. పల్లె కూలి మీద పడే ఒత్తిడి ఇందులో చాలా మెరుగ్గా కనిపిస్తుంది.

అప్పటికీ కూలి కదల్లేదనుకోండి, కంగారు పడకండి. ఊళ్లో రేటు పెరిగినంత సులువుగా తగ్గదు. వానలు బాగా పడ్డ ఏడాది పెరిగిన రేటు మరుసటి ఏడు కరువొచ్చినా నిలబడుతుందని ఆర్థికవేత్త సుప్రీత్ కౌర్ మన దేశపు జిల్లాల డేటాతోనే చూపించారు. రేటు తగ్గించలేని రైతు మనుషుల్ని తగ్గిస్తాడు. వారానికి ఆరు రోజులు 600 చొప్పున వెళ్లినవాడికి 3,600. నాలుగు రోజులే పిలుపొస్తే 2,400. సంపాదనలో మూడో వంతు పోయినా మీ రోజుకూలి కాలమ్‌లో 600 అలాగే ఉంటుంది. పైగా పని తగ్గినప్పుడు ముందు ఆగిపోయేది తక్కువ కూలికి వెళ్లేవాళ్లు గనక, మిగిలినవాళ్ల సగటు పెరిగినట్టు కూడా కనిపించవచ్చు. అందుకే రోజుకూలితో ఒక రిగ్రెషన్, పని లేని రోజులనూ సున్నాలుగా కలిపిన వారం సంపాదనతో ఇంకొకటి నడపండి. రెంటి మధ్య తేడాయే మీ పేపర్‌కు అసలు సరుకు.

ఇదే సంగతిని అటునుంచి చూడాలంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి చెల్లింపుకు స్మార్ట్‌కార్డులిచ్చిన ప్రయోగం ఉంది: 8 జిల్లాలు, 157 మండలాలు, ఏ మండలానికి ముందన్నది లాటరీ. పథకం సరిగా నడిచిన చోట లబ్ధి కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం ఉపాధి హామీ పనిలోంచి కాదు, ప్రధానంగా బయటి కూలి, బయటి పని పెరగడం వల్ల వచ్చింది. 'ఇక్కడ కూలి గిట్టకపోతే అక్కడికి పోతా' అనగలిగే చోటు ఒకటుంటే బేరం ఎటు తిరుగుతుందో అందులో తెలుస్తుంది. మీ రిగ్రెషన్‌లో ఉపాధి హామీ పనిదినాలను కంట్రోల్‌గా (ప్రభావాన్ని వేరుచేయడానికి లెక్కలో కలిపే అంశంగా) పెట్టేముందు ఆ ఫలితం చూసుకోండి. కరువు ఏడాదిలో ఆ దినాలే పెరుగుతాయి, పెట్టేస్తే మీరు కొలవాలనుకున్న ప్రభావంలో కొంత అక్కడే కొట్టుకుపోతుంది.