లెక్క తేలుద్దాం: ఏ మడికి మందు పడాలో ఎవరు తేల్చారు?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకటే గోల: "కళ్లెదురుగా కనిపించింది కదా, ఇంకా రుజువేమిటి?" అని. వాటిలో ఐదు ఏరి ఇక్కడ పెట్టాను. మొదటిదానికే ఎక్కువ జాగా పోయింది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, వరి మాట వస్తే నాకు కలం ఆగదు.

ప్రశ్న: అమ్మా, మాది బూర్జ మండలం. కిందటి ఖరీఫ్‌లో షాపాయన చెప్పాడని కాలవ పక్క మడికి ఒక టానిక్ కొట్టాను. చివర మడికి కొట్టలేదు. కొట్టిన మడి పచ్చగా లేచింది, కొట్టనిది ఎర్రబడిపోనాది. బస్తాలూ ఎక్కువే దిగాయి. ఇంకేటి కావాలంటాడు మా బావ. అగ్రికల్చర్ డిప్లొమా చదువుతున్న మావాడు మాత్రం ఇది రుజువు కాదంటాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ అబ్బాయి మాట వినండి. అలాగని మీ బావగారిని తీసిపారేయకండి, ఆయన చూసింది అబద్ధం కాదు. ఎందుకు పచ్చగా ఉందన్న దగ్గరే పేచీ.

మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది "కాలవ పక్క" అన్న మాట మీద. డబ్బు పోసి సీసా కొన్నాక దాన్ని ఎవరైనా ఏ మడికి కొడతారు? పండుతుందని నమ్మకం ఉన్న మడికే. ఆ మడికి నీళ్లు ముందు అందుతాయి, ఒండ్రు ముందు దిగుతుంది. చివర మడికి నీళ్లు వచ్చేసరికి ఉభాలే, అంటే నాట్లే, ఆలస్యం అయి ఉంటాయి. ఆకు ఎర్రబడటానికి జింకు లోపం కూడా కారణం కావచ్చు. మందు పడకముందే ఆ రెండు మళ్లూ సమానం కావు. మందు చేసిన పనీ మడి చేసిన పనీ ఇలా పెనవేసుకుపోతే క్లాసులో దాన్ని కన్‌ఫౌండింగ్ అనేవాళ్లం. కోతయ్యాక ఎంత లెక్క వేసినా ఆ ముడి విడదు.

అందుకే ఎవరు ఏ ఫలితం పట్టుకొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: ఏ మడికి మందు పడాలో ఎవరు తేల్చారు? మీరు తేల్చినా, నేల తేల్చినా, షాపాయన తేల్చినా అది పరిశీలన. చీటీ తేలిస్తే ప్రయోగం.

ఈ చీటీ ఆలోచనకు పొలంలోనే బలం వచ్చింది. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. 1919లో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త అక్కడ చేరేనాటికి ఏళ్ల తరబడి పోగైన దిగుబడి లెక్కలు గుట్టగా పడి ఉన్నాయి. ఒకే చేలో కూడా ఈ మూలకీ ఆ మూలకీ సారం మారిపోతుంది కాబట్టి ఏ ముక్కకు ఏ ఎరువో మనిషి ఎంచకూడదన్నాడాయన. చీటీ వేయాలి, ఒక్క ముక్కతో సరిపెట్టకుండా చాలా ముక్కల్లో చేయాలి, ఒకేలాంటి నేలను ఒక గుంపుగా కట్టి ఆ గుంపు లోపలే పోల్చాలి. మన రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన వరి రకం శ్రీకాకుళం సన్నాలు, అదే ఆర్‌జీఎల్ 2537, మీ మండలంలో ఎవరో ఒకరు వేసే ఉంటారు. అలాంటి రకాలను రైతుకు ఇచ్చేముందు కేంద్రాల్లో పోల్చి చూసేది ఈ పద్ధతిలోనే.

ఈ ఖరీఫ్‌కి మీరు ఇలా చేయండి. ఆరు మళ్లు తీసుకోండి. ఒక్కో మడిని మధ్యలో గట్టు వేసి రెండు సగాలు చేయండి. గట్టు నీళ్లు పారే దిక్కుగానే వేయాలి. అడ్డంగా వేస్తే పై సగం నీళ్లే కింది సగంలోకి దిగి, అందులో ఉన్నదంతా మోసుకుపోతాయి. రెండు సగాలకూ పిల్లకాలువ నుంచి వేరువేరు గండ్లు ఉండాలి. ఒకే ఆకుమడి నారు, ఒకే రోజు ఉభాలు, ఎరువు తూకం వేసి సమానంగా.

ఇక చీటీ. ఒక్కో మడి దగ్గర నిలబడి రూపాయి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే ఎడమ సగానికి మందు, బొరుసు పడితే కుడి సగానికి. పడింది పడినట్టు అక్కడికక్కడే నోటు పుస్తకంలో రాయాలి. "ఈ సగం కాస్త గరువుగా ఉంది, మళ్లీ ఎగరేద్దాం" అన్నారంటే అయిపోయింది, తిరిగి మీరే ఎంచినట్టు. రెండో సగాన్ని ఊరికే వదిలేయకండి, అదే పంపుతో అదే రోజు ఉత్త నీళ్లు కొట్టండి. వీలైతే మందు కలిపే పని మీ అబ్బాయికి వదిలి, డబ్బాల మీద ఒకటి, రెండు అని రాయించండి. కొట్టేవాళ్లకీ కోసేవాళ్లకీ ఏది ఏదో తెలియకూడదు. తెలిస్తే మందు పడ్డ సగంలో రాలిన కంకి ఏరతారు, రెండోదాంట్లో ఏరరు. ఎవరూ కావాలని చేయరు, చెయ్యి అటు పోతుంది, అంతే.

కోతప్పుడు నడిమి గట్టు వారన నాలుగు వరసలు వదిలేయండి, అక్కడికి జల్లు ఎగిరి పడి ఉంటుంది. ఒక్కో సగంలో 5 మీటర్లకు 5 మీటర్లు కొలిచి కోసి, వేరుగా నూర్చి, ఒకేలా ఎండబెట్టి ఒకే కాటా మీద తూచండి. పచ్చి ధాన్యం ఒకటీ ఎండుది ఒకటీ తూచితే పడ్డ శ్రమంతా వృథా.

ఆరింటికి ఆరు మళ్లలోనూ మందు సగమే గెలిచిందనుకుందాం. మందులో ఏ పసా లేకపోతే ఒక్కో మడిలో గెలుపు బిళ్ల ఎగరేసినట్టే. ఆరుసార్లూ అటే పడటం 64లో ఒక వంతు. నమ్మొచ్చు. ఐదు గెలిచి ఒకటి ఓడితే? కనీసం ఐదు గెలిచే అవకాశం 64లో 7 వంతులు, అంటే ఉత్త నీళ్లతో కూడా సుమారు తొమ్మిదింట ఒకసారి అలా జరుగుతుంది. నేనైతే ఇంకో పంట చూస్తాను. ఆరూ గెలిచినా ఎన్ని కిలోలు పెరిగాయో చూసి, ఆ ధాన్యం ధర సీసా ఖరీదుకు మించిందో లేదో లెక్కేసుకోండి. షాపాయన ఫొటోలో ఆ లెక్క ఉండదు.

ప్రశ్న: మా ఊళ్లో పంటకోత ప్రయోగం చేసి వెళ్లారు. సర్వే నంబరు కూడా చీటీ పద్ధతిలోనే తీశారట. మీ లెక్కన ఇది ప్రయోగమేనా? (చీపురుపల్లి)

జవాబు: కాదు. అక్కడ చీటీ తేల్చింది ఎక్కడ కోయాలన్నది. ఎవరికి ఏం వేయాలన్నది కాదు. పండిన పంటను ఉన్నదున్నట్టు కొలవడమే వాళ్ల పని. మండలం సగటు దిగుబడి తెలియాలంటే అదే సరైన దారి, మంచి చెక్కలే చూసి కోస్తే లెక్క ఉబ్బుతుంది. మన దేశంలో 1940ల్లో మహలనోబిస్, సుఖాత్మే అనే గణాంక శాస్త్రవేత్తలు ఇద్దరూ ఈ పద్ధతిని తీర్చారు, ఎంత ముక్క కోయాలన్న దగ్గర గట్టిగా వాదించుకున్నారు కూడా. ఆ లెక్క చూసి "ఫలానా ఎరువు వేసిన ఊళ్లో ఎక్కువ పండింది" అని మాత్రం చెప్పలేం. ఎంచడానికి వేసే చీటీ వేరు, పంచడానికి వేసే చీటీ వేరు. పరీక్ష పేపర్లలో ఈ రెండూ కలిపేసిన జవాబులు దిద్ది దిద్ది నా ఎర్ర ఇంకు అయిపోయేది.

ప్రశ్న: నేను విజయనగరంలో బీఎస్సీ చదువుతున్నాను. కంట్రోల్ గ్రూపు, అంటే పోల్చి చూడటానికి మందు ఇవ్వని గుంపు, ఉంటే ప్రయోగం, లేకపోతే పరిశీలన. ఇలా గుర్తుపెట్టుకోవచ్చా మేడమ్?

జవాబు: వద్దమ్మా. 1954లో అమెరికాలో సాల్క్ పోలియో టీకాను పరీక్షించినప్పుడు రెండు రకాలుగా చేశారు, రెండింటిలోనూ కంట్రోల్ ఉంది. కొన్ని ప్రాంతాల్లో తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల్లో చీటీ ప్రకారం సగం మందికి టీకా, సగం మందికి మందు లేని సూది. ఎవరిది ఏదో డాక్టర్లకూ తెలియదు, సీసాల మీద అంకెలే. మిగతా ప్రాంతాల్లో రెండో తరగతిలో ఒప్పుకున్నవాళ్లకు టీకా వేసి, ఒకటో తరగతినీ మూడో తరగతినీ మొత్తంగా పోలికకు పెట్టుకున్నారు.

చీటీ వేసిన చోట లక్షకు 28 మందికి పోలియో వచ్చింది, ఉత్త సూది వాళ్లలో 71 మందికి. అక్కడే అసలు ఒప్పుకోని ఇళ్ల పిల్లల్లో 46. చూశావా? టీకా వద్దన్నవాళ్లకే ఉత్త సూది వాళ్ల కంటే తక్కువ వచ్చింది! ఒప్పుకున్నవి ఎక్కువగా కాస్త కలిగిన ఇళ్లు. పేదవాడల్లో పిల్లలకు తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉండగానే, పసితనంలోనే ఆ వైరస్ తేలిగ్గా సోకి పోతుంది. శుభ్రమైన ఇళ్ల పిల్లలకు ఆలస్యంగా సోకి కాళ్లు పడిపోయేవి. రెండో పద్ధతిలో టీకా గుంపులో ఒప్పుకున్నవాళ్లే ఉన్నారు, పోలిక గుంపులో ఒప్పుకునే ఇళ్లవాళ్లూ ఒప్పుకోని ఇళ్లవాళ్లూ కలిసిపోయారు. అందుకే అక్కడ టీకా గుంపులో లక్షకు 25 అయితే పోలిక గుంపులో 54 మాత్రమే కనిపించి, టీకా బలం తగ్గినట్టు తేలింది. రెండు చోట్లా కంట్రోల్ ఉన్నా, ఒకచోట పంచింది చీటీ, రెండోచోట తరగతి, తల్లిదండ్రుల సంతకం.

ప్రశ్న: మాది కవిటి దగ్గర. మా నాన్న డయాలసిస్ మీద ఉన్నాడు. ఏళ్ల తరబడి ఎవరెవరో వచ్చి రక్తం, నీళ్లు పట్టుకెళ్తున్నారు, కారణం మాత్రం తెలీదంటారు. ఒక ప్రయోగం పెట్టి తేల్చేయకూడదా?

జవాబు: బాబూ, మీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ప్రయోగం ఎలా ఉండాలో ఒకసారి ఊహించండి. అనుమానం ఉన్న నీళ్లను చీటీ వేసి సగం ఇళ్లకు ఇచ్చి, కిడ్నీలు పాడవుతాయేమోనని ఏళ్ల తరబడి చూడాలి. ఏ మనిషీ చేయకూడని పని అది. హాని చేస్తుందనుకున్నదాన్ని చీటీతో పంచలేం. కాబట్టి కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో దారి పరిశీలనే, అందుకే ఇంత ఆలస్యం. భూగర్భ జలం, ఎండలో చాకిరీ, ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పి మాత్రలు, పురుగుమందులు అన్నీ ఒకే మనిషి మీద ఒకేసారి పడుతున్నాయి. జీడితోటలో పనిచేసేవాడే ఆ బోరు నీళ్లు తాగేవాడు, సాయంత్రం ఒళ్లునొప్పులకు మాత్ర వేసుకునేవాడూ వాడే.

అలాగని పరిశీలన ఎందుకూ కొరగాదనుకోకండి. మన జిల్లాలోనే చుట్ట మంట కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. 1960ల్లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు ఇక్కడ ఇంటింటికీ తిరిగి పదివేల మందికి పైగా నోళ్లు చూశారు. అంగిట్లో మచ్చలు, పుండ్లు అడ్డపొగ వాళ్లలోనే ఎక్కువ. ఎవరి చేతికీ చీటీ వేసి చుట్ట ఇవ్వలేదు. అయినా మంట తగిలే చోటే జబ్బు రావడం, మామూలుగా చుట్ట తాగేవాళ్లలో అది అలా కనిపించకపోవడం గట్టి సాక్ష్యాలు. తర్వాత మాన్పించే ప్రయత్నం కూడా చేసి చూశారు.

మేలు చేసేదాన్ని మాత్రం చీటీతో పంచొచ్చు. అన్ని ఊళ్లకూ ఒకేసారి మంచినీళ్లు వేయలేనప్పుడు ఏ ఊరికి ముందన్నది చీటీతో తేలిస్తే అదే మంచి ప్రయోగం అవుతుంది. హిరమండలం నుంచి పైపుల నీళ్లు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, రెండూ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఇకమీదట కేసుల లెక్క పెరిగిందని పేపర్లో చదివితే నీళ్లు పనిచేయలేదని వెంటనే అనుకోకండి. దగ్గర్లో ఆసుపత్రి వచ్చాక పరీక్ష చేయించుకునేవాళ్లు పెరుగుతారు, దాగి ఉన్న జబ్బు బయటపడుతుంది. నాన్నగారిని జాగ్రత్తగా చూసుకోండి. డాక్టరుని అడగకుండా ఏ నొప్పి మాత్రా వేయొద్దు.

ప్రశ్న: బొబ్బిలి దగ్గర హైస్కూల్లో టీచర్ని. యూనిట్ పరీక్షలో బాగా తక్కువ వచ్చిన పిల్లల్ని ఏరి రోజూ అరగంట గట్టిగా చదివించాను. తర్వాతి పరీక్షలో చాలామందికి మార్కులు పెరిగాయి. ఇది నా పద్ధతి గొప్పే కదా?

జవాబు: కావచ్చు టీచర్ గారూ. కానీ అట్టడుగు మార్కుల్లో ఎప్పుడూ కొంత ఆ రోజు జ్వరం, ఆ రోజు రాని పాఠం ఉంటాయి. మీరేమీ చేయకపోయినా తర్వాతిసారి అందులో కొందరు పైకి వస్తారు. అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్ల మార్కులు కూడా చూడండి, అక్కడ కొందరు కిందికి దిగి ఉంటారు. ఈసారి తక్కువ వచ్చినవాళ్ల పేర్లన్నీ చీటీల మీద రాసి, సగం తీసి వాళ్లనే చదివించండి. జాబితా హెడ్మాస్టరు గారి బీరువాలో పెట్టించండి, పేపర్లు వేరే బడి వాళ్లతో దిద్దించండి. మిగతా సగాన్ని ఆ తర్వాతి యూనిట్‌కి చదివించాలి సుమా, లేకపోతే వాళ్ల అమ్మలు స్కూలు గేటు దగ్గర మిమ్మల్ని ఊరకే వదలరు.