పుట్టబోయే బిడ్డకి నువ్వు కుట్టే బట్టలు

పెరంబూరు, చెన్నై,
ఆడి శుక్రవారం

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కుట్టుమిషను కొన్నావని మీ అమ్మ చెప్పింది. ఏడో నెల వచ్చింది, పని ఇంటినుంచే, సాయంత్రాలు ఖాళీగా ఉంటున్నాను, బిడ్డకి నా చేత్తో ఏం కుట్టమంటావు పెద్దమ్మా అని నువ్వు ఫోన్‌లో అడిగితే రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే కాగితం తీశాను.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. కుచ్చుల ఫ్రాకు, లేసు టోపీ, కుందేలు చెవుల దుప్పటి. ముచ్చటగానే ఉన్నాయి. అయితే తల్లీ, పసిబిడ్డకి తగిలేది బట్ట లోపలివైపు. నలభై ఏళ్ళుగా మన ఇళ్ళలో పుట్టిన పిల్లలకి కుడుతున్నాను. కుట్టిన ప్రతిదాన్నీ తిరగేసి నా మెడమీద రుద్దుకుంటాను. ఎక్కడ గరుకు తగిలినా అక్కడ విప్పి మళ్ళీ కుడతాను. నీకు నేర్పాల్సిన మొదటి పని ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు గుడ్డ సంగతి. పురిటి బిడ్డకి కొత్త బట్ట వెయ్యకూడదు, ఉతికి ఉతికి మెత్తబడిన పాతదే వెయ్యాలి అని మన పెద్దవాళ్ళు అనేవాళ్ళు కదా. కొత్త గుడ్డకి మిల్లులో పట్టించిన గంజి, మెరుపు కోసం వేసిన మందులు అంత తొందరగా వదలవు. యాభై ఉతుకులు చూసిన పంచెలో అవేవీ ఉండవు, నూలు కూడా దూదిలా అయిపోతుంది. మీ పెదనాన్న ఎనిమిది మూరల పల్చని నూలు మల్లు పంచెలు రెండు తీసి పెట్టాను. ఒక్కొక్కటి 144 అంగుళాల పొడవు, దాదాపు 50 అంగుళాల వెడల్పు. 25 అంగుళాల చదరాలుగా చింపితే ఒక పంచెలో పది లంగోటి గుడ్డలు వస్తాయి, చివర మిగిలిన ముక్కలో పాలు కక్కినప్పుడు తుడిచే గుడ్డలు నాలుగైదు వస్తాయి. కత్తెర పెట్టకు, చిన్న గాటు పెట్టి చేత్తో చింపు, పోగు వెంట తిన్నగా చిరుగుతుంది.

కొత్త గుడ్డ కొనాల్సి వస్తే మల్లు, కేంబ్రిక్, మెత్తని వాయిల్, బనియన్ గుడ్డ. ఈ నాలుగు దాటి వెళ్ళకు. పాలియెస్టర్ కలిసినది పైకి ఎంత పట్టులా ఉన్నా మన ఊరి ఉక్కకి పనికిరాదు. మే నెల కత్తిరి ఎండల నాటికి నీ బిడ్డకి ఆరు నెలలు నిండుతాయి, చెమటకాయలు లేచేది సరిగ్గా అప్పుడే. మన పారీస్ కార్నర్‌లో గోడౌన్ స్ట్రీట్‌కి వెళితే మీటర్ల లెక్కన చవగ్గా దొరుకుతుంది, తిరుప్పూరు బనియన్ గుడ్డ కిలో లెక్కన కూడా ఇస్తారు. హైకోర్టు మెట్రో స్టేషన్‌లో దిగితే దగ్గరే. కానీ ఈ నెలలో నువ్వు ఆ సందుల్లోకి వెళ్ళొద్దు. ఆడి నెల తగ్గింపు అమ్మకాల రోజుల్లో టి.నగర్ రంగనాథన్ వీధి వైపు తొంగి కూడా చూడొద్దు. చీటీ రాసి అల్లుడిగారికి ఇవ్వు, లేదా నాకు చెప్పు, నేను తెస్తాను.

తెచ్చిన గుడ్డని కత్తిరించే ముందు రాత్రంతా నీళ్ళలో నానేసి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో మీటరుకి మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కుంచించుకుపోవడం మామూలే. ముందే కుట్టేస్తే అంత కష్టమూ ఒక్క ఉతుకుతో బిగుతైపోతుంది. రంగు గుడ్డైతే తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడు. అంటుకుందంటే ఆ గుడ్డ బిడ్డకి వద్దు, నోట్లో పెట్టుకోని బట్ట ఉండదు వాళ్ళకి. మన చీరాల నేతగాళ్ళు నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు పేరుతోనే పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్ళేవి. మా నాన్న వాటి రంగుల గురించి కథలు కథలుగా చెప్పేవాడు. నాకు ఆ గళ్ళంటే ప్రాణం. అయినా పసిపిల్లలకి మాత్రం తెలుపు, లేదంటే లేత రంగు.

లంగోటి గుడ్డలకి చుట్టూ పావు అంగుళం మడిచి సన్నగా కుట్టెయ్యి, చాలు. మిషను మీద చెయ్యి కుదరడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు: నలభై అంచులు కుట్టేసరికి గీత తిన్నగా వస్తుంది. సూది 11 నంబరు వాడు. మిషనుతో వచ్చిన 14 నంబరు సూది మల్లు గుడ్డకి చిల్లులు పెడుతుంది. బనియన్ గుడ్డకైతే మొన గుండ్రంగా ఉండే సూది వేరే ఉంటుంది, అది అడిగి తీసుకో. ఇంకో మాట. ఆరు పొరలు కలిపి కుట్టిన మందపాటి లంగోటీలు కుట్టాలని చూస్తున్నావట. నీకు పురుడు వచ్చేది ఐప్పసి నెలలో, అంటే అక్టోబరు నవంబరుల్లో, వానలు పట్టుకునే వేళకి. నవంబరులో ఫ్లాటు బాల్కనీలో ఆరు పొరల గుడ్డ రెండు రోజులైనా ఆరదు, ముక్కవాసన వస్తుంది. ఒంటి పొర గుడ్డ ఫ్యాను కింద రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. ఎక్కువ పీల్చాలంటే విడిగా మడిచిన మెత్త ఒకటి లోపల పెట్టు, కుట్టొద్దు, అప్పుడు దేనికది ఆరుతుంది.

ఇక జుబ్బా. నన్నడిగితే నువ్వు కుట్టగలిగిన వాటన్నిటిలో విలువైనది ఇదే. పుట్టిన బిడ్డకి మెడ నిలవదు, తలమీదనుంచి దూర్చి తొడిగే బట్ట అంటే తల్లికీ భయం, బిడ్డకీ బాధ. ముందువైపు పూర్తిగా తెరుచుకుని ముడి వేసుకునే జుబ్బా అయితే పరిచి, దానిమీద బిడ్డని పడుకోబెట్టి, చేతులు తొడిగి కట్టెయ్యొచ్చు.

20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు ముక్క తీసుకో. పొడవుని సగానికి మడువు, ఆ మడత భుజాలు. మళ్ళీ నిలువునా సగానికి మడువు. ఇప్పుడు 10 అంగుళాలకి 12 అంగుళాల నాలుగు పొరల ముక్క నీ ముందుంటుంది. రెండు మడతలూ కలిసిన మూల మెడ. అక్కణ్ణించి భుజం మడత వెంట 2 అంగుళాలు, కిందికి అర అంగుళం గుర్తుపెట్టి వంపుగా కత్తిరించు. తర్వాత ముందు భాగాన్ని మాత్రం విడదీసి 2 అంగుళాల లోతు దించు. చేతుల కోసం, విడి అంచు వైపు భుజం మడత నుంచి కిందికి నాలుగున్నర అంగుళాలు, నిలువు మడత నుంచి అడ్డంగా ఐదున్నర అంగుళాలు గుర్తుపెట్టు. ఆ రెండు గీతలూ కలిసే చంక దగ్గర మూలగా కాకుండా గుండ్రంగా తిప్పి కిందిదాకా కత్తిరించు. చివరగా ముందు భాగాన్ని నడిమడత వెంట పైనుంచి కిందికి చీల్చు. అంతే, చేతులు వేరుగా అతికే పని లేదు. రెండు పక్కలా ఒక్కో కుట్టు, మెడకీ ముందు అంచులకీ అంగుళంపావు వెడల్పున ఏటవాలుగా కత్తిరించిన పట్టీ (క్రాస్ పీసు), అడుగున మడత. చెయ్యి తిరిగాక గంటలో ఒకటి అవుతుంది. ఈ కొలత మూడు నెలల దాకా సరిపోతుంది. ఆరు కుట్టి ఆపెయ్యి, అంతకంటే ఎక్కువ కుడితే తొడగకముందే పొట్టివైపోతాయి.

పక్క కుట్టుకి వచ్చేసరికి నేను మొదట చెప్పిన మాట గుర్తుపెట్టుకో. మామూలుగా కుడితే అంచు లోపల పడి చంకలో ఒరుసుకుంటుంది. అందుకని మొదట మంచివైపు బయట ఉండేలా పెట్టి పావు అంగుళంలో కుట్టు, పోగులు కత్తిరించు, తిరగేసి మళ్ళీ ఇంకో పావు అంగుళంలో కుట్టు. తెగిన అంచు రెండు కుట్ల మధ్య దాక్కుంటుంది. అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టిస్తే పని తొందరగా అవుతుంది, నిజమే, కానీ ఆ దారం గరుకు పసి చర్మానికి తెలుస్తుంది. చంక వంపులో మాత్రం మొదటి కుట్టు పడ్డాక చిన్న గాట్లు పెట్టు, లేకపోతే అక్కడ గుంజుతుంది. ముళ్ళు వేసే తాళ్ళు ఛాతీ దగ్గర, పొట్ట దగ్గర ఒక్కో జత, ఒక్కోటి 5 అంగుళాలు. మెడ దగ్గర తాడు వద్దే వద్దు. కుట్టిన చోట మూడుసార్లు వెనక్కీ ముందుకీ తొక్కి, గట్టిగా లాగి చూడు.

మెడ గురించి ఇంకొంచెం చెప్పాలి. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది. పుట్టినప్పుడే చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది, ఏడాదికి దాదాపు 46 అవుతుంది. మీ పెద్దన్నయ్యకి తొమ్మిదో నెలలో నేనొక కుర్తా కుట్టాను. భుజాలు, ఛాతీ కొలిచాను గానీ తల కొలవలేదు. తొడుగుతుంటే చెవుల దగ్గర ఇరుక్కుని వాడు ఊపిరాడనట్టు ఏడ్చాడు, నా చేతులు వణుకుతుంటే మీ అమ్మమ్మ కత్తెర తెచ్చి మెడ కోసి తీసింది. ఆ రోజు నుంచి తలమీదుగా తొడిగే బట్ట ఏది కుట్టినా టేపు ముందు తల చుట్టూ తిప్పుతాను. మెడ అంతకంటే రెండు అంగుళాలు ఎక్కువన్నా ఉండాలి, లేదా భుజం మీద తెరుచుకోవాలి.

గుండీలు మూడేళ్ళు నిండేదాకా వద్దు, పూసలు, చమ్కీలు కూడా. ఊడితే నేరుగా నోట్లోకే వెళతాయి. పని మొదలుపెట్టేటప్పుడు గుండుసూదులు లెక్కపెట్టి, ముగించాక మళ్ళీ లెక్కపెట్టు. మిషను సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా లేవకు, అయస్కాంతం ఒకటి డబ్బాలో ఉంచుకో.

బొంత కుట్టాలని నీకు ఎంత ఆశో నాకు తెలుసు. మీ అమ్మమ్మ నూలు చీరలు ఇంకా ఇంట్లో ఉన్నాయి. జరీ ఉన్న అంచు తీసేసి, నాలుగు పొరలు పరిచి, 36 అంగుళాల చదరంగా చుట్టూ కుట్టి, మధ్యలో చేత్తో అంగుళం ఎడంగా పోగుకుట్లు వెయ్యి. మిషను మీద వేస్తే గట్టిపడుతుంది. ఇది తొందరగా అయ్యేది కాదు, రోజుకి రెండు వరసలు వేసినా రెండు మూడు వారాలు పడుతుంది, కానీ కాళ్ళు చాపుకుని కూర్చుని చేసుకోగలిగిన పని. బోర్లా పడే రోజుల్లో నేలమీద పరవడానికి అంతకు మించినది లేదు. కప్పడానికి మాత్రం వాడకు. ఏడాది లోపు బిడ్డ పడుకునే చోట వదులు దుప్పటి, మెత్తటి దిండు, బొమ్మ ఏవీ ఉండకూడదని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు, మొహం మీద పడితే తోసుకునే శక్తి ఉండదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి తెస్తారు మీ అత్తగారి వైపు వాళ్ళు. నేనూ ఒకప్పుడు కుట్టినదాన్నే. ఇప్పుడు కుట్టను, నువ్వూ పెట్టకు. కాదనడానికి మొహమాటమైతే పెద్దమ్మ వద్దందని చెప్పు.

అన్నప్రాశన తర్వాత మెడగుడ్డలు కావాలి. 8 అంగుళాల వెడల్పు, 10 పొడవు, పైన చీర ముక్క, కింద పాత టర్కీ టవలు, భుజం పక్కన అతుక్కునే పట్టీ. మెడ వెనక ముడి వద్దు, నిద్రపోయేటప్పుడు తీసెయ్యాలి. అరగంట పని. చెడ్డీలకి నడుం మడతలో ఎలాస్టిక్ దూర్చేటప్పుడు వెనకవైపు అంగుళం సందు కుట్టకుండా వదులు, వదులైనప్పుడు మార్చుకోవచ్చు. తీశాక చర్మం మీద ఎర్రగా గీత పడిందంటే ఎలాస్టిక్ బిగువు, అప్పుడే మార్చు.

ఆడపిల్ల పుడితే మొదటి పుట్టినరోజుకి పరికిణీ నేనే కుడతానని మీ అమ్మ దగ్గర మాట తీసుకున్నాను, కానీ నువ్వు కుడతానంటే ఇచ్చేస్తాను. చుట్టుకొలతకి రెండున్నర రెట్ల గుడ్డ కుచ్చులు పెట్టి, నడుంకి నాడా కాకుండా చేతుల్లేని మల్లు బాడీకి అతుకు, జారదు, పొట్ట మీద బిగువు ఉండదు. జరీ గీసుకోకుండా లోపల పొడవునా లైనింగ్. అడుగున అర అంగుళం లోతు మడతలు మూడు కుట్టి దాచు. ఒక్కోటి విప్పితే అంగుళం పొడవు వస్తుంది, మూడో పుట్టినరోజు దాకా తొడగొచ్చు. మీ అమ్మ ఆకుపచ్చ పరికిణీ అలాగే నాలుగేళ్ళు తొడుక్కుంది.

అరగంటకి మించి మిషను ముందు కూర్చోకు. నడుము లాగితే, కాళ్ళు వాస్తే ఆపెయ్యి. ఒక రోజు కత్తిరించు, ఇంకో రోజు కుట్టు. నెలలు నిండేసరికి గుడ్డలు రెండు డజన్లు, జుబ్బాలు ఆరు ఉంటే చాలు, బొంత సగంలో ఆగినా పరవాలేదు, పురిటికి వచ్చినప్పుడు మిగతా వరసలు నేను వేస్తాను.

ఆదివారం మీ పెదనాన్న వేళచ్చేరి వస్తున్నారు. ఆయన చేతికి ఉతికిన పంచెలు రెండు, 11 నంబరు సూదుల పొట్లం ఒకటి, బ్రౌను కాగితం మీద కత్తిరించిన జుబ్బా కొలత పంపుతున్నాను. మొదటి జుబ్బా అవ్వగానే నాకు ఫోటో పంపు. తిరగేసి, లోపలివైపు ఫోటో.

ఇట్లు,
పెద్దమ్మ