సుంకం మారకపోయినా అమెరికా బీఫ్‌కు నష్టం ఎలా?

మీ లెక్క అమెరికా సుంకం దగ్గరే ఆగిపోయింది. "2017లో అమెరికా టీపీపీ (పసిఫిక్ తీర దేశాల వాణిజ్య ఒప్పందం) నుంచి తప్పుకున్నా, జపాన్‌లో దాని బీఫ్‌పై సుంకం మునుపటిలా 38.5 శాతమే కదా, మరి నష్టం ఎక్కడ?" అన్నారు. నష్టం పక్కవాడి సుంకంలో ఉంది.

1. అమెరికా లేకుండా మిగిలిన 11 దేశాలు చేసుకున్న ఒప్పందం 2018 డిసెంబరు 30న జపాన్, ఆస్ట్రేలియాల మధ్య అమల్లోకి వచ్చింది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: అదే సరుకుపై పోటీదారుకు పడే సుంకాన్ని మీ పట్టికలో పక్క గడిలో రాయండి. ఆ ఒప్పందంతో 2019 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా బీఫ్‌పై సుంకం 26.6 శాతం అయింది. వెయ్యి డాలర్ల సరుకు తెచ్చుకునే జపాన్ వ్యాపారి అప్పుడు అమెరికా బీఫ్‌కు 385 డాలర్లు కట్టాల్సి వచ్చేది, ఆస్ట్రేలియా బీఫ్‌కు 266 సరిపోయేవి. మీరు వెతుకుతున్నది ఆ 119 డాలర్ల తేడానే. శాతాలు వదిలి ఇలా డబ్బుగా రాస్తేనే విషయం కళ్లకు కడుతుంది.

3. 2017 ఆగస్టు నుంచి 2018 మార్చి వరకు విడిగా చూడండి. దిగుమతులు పరిమితి దాటాయని జపాన్ గడ్డకట్టించిన బీఫ్‌పై సుంకాన్ని 50 శాతం చేసింది. అప్పటికే జపాన్‌తో సొంత ఒప్పందం ఉన్న ఆస్ట్రేలియాకు ఆ దెబ్బ తగలలేదు.

4. పట్టికను 2019తో ఆపండి. 2020 జనవరి 1న జపాన్‌తో విడి ఒప్పందం అమల్లోకి రావడంతో అమెరికాకూ సుంకం 26.6 శాతానికి తగ్గింది.